కాలి ఆనెలు – చికిత్స
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము, ఉర్దూ బడిపంతుళ్ళం. రోజంతా నల్లబల్ల ముందు నిలబడేవాళ్ళం గనుక ఆనెకాయల బాధ మాకు పరిచయమే.

ఆనె క్రిమి వల్ల వచ్చే జబ్బు కాదు. ఒకేచోట ఒత్తిడి, రాపిడి పడుతుంటే చర్మం మందమవుతుంది. మధ్యన గట్టి కుదురు లోపలికి దిగి అడుగడుగునా పొడుస్తుంది. ఇరుకు బూట్లు, ఒకపక్కకు అరిగిన హవాయి చెప్పులు ముఖ్య కారణాలు. తాడేపల్లిగూడెంలో ఉల్లి బస్తాలు మోసేవారికి, కొల్లేరు చెరువుగట్ల మీద వట్టికాళ్ళతో తిరిగేవారికి అరికాళ్ళు కాయలు కాయడం చూస్తూనే ఉన్నాం. నమాజులో కూర్చునేటప్పుడు నేలకు ఒత్తుకుని ఎడమ చీలమండ దగ్గర మందమయ్యే చర్మమూ ఈ కోవలోదే. నొప్పి లేకుంటే దానికి మందక్కర్లేదు.

మొదటి చికిత్స చెప్పుల కొట్లోనే ఉంది. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. అప్పుడు వెళ్ళి, వేళ్ళకు చోటున్న, అడుగు మెత్తనైన జత కొనాలి. రెండవది, గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, కాళ్ళు రుద్దే రాయితో రోజూ కొంచెం కొంచెంగా రుద్దడం. వేళ్ళ సందున మెత్తటి ఆనె ఉంటే వజూ తర్వాత తడి తుడవాలి. మూడవది, మందుల షాపులో దొరికే కార్న్ క్యాప్. అందులోని సాలిసిలిక్ ఆమ్లం ఆనెను మెత్తబరుస్తుంది. మంచి చర్మానికి తగిలితే మాత్రం పుండు పడుతుంది. నాల్గవది, డాక్టరుచేత చెక్కించుకోవడం. ఏం చేసినా ఒత్తిడి పోకపోతే ఆనె మళ్ళీ వస్తుంది.

షుగరు ఉన్నవారికి ఈ లెక్క చెల్లదు. పాదంలో స్పర్శ తగ్గితే ఆనె కింద పుండు పడ్డా తెలియదు. బ్లేడుతో కోసుకున్న చిన్న గాయం కాలు తీసేసేదాకా పోవచ్చు. వారికి కార్న్ క్యాపూ వద్దు, బ్లేడూ వద్దు. నేరుగా ఆసుపత్రికే వెళ్ళాలి. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల మొద్దుబారిన పాదాలకు పుండ్లు పడేది తెలియని ఒత్తిడి వల్లనేనని, తగిన చెప్పులతో ఆపవచ్చునని చూపారు. అదే సూత్రంమీద ఎం.సి.ఆర్. చెప్పులు ఈనాడు షుగరు రోగులకూ ఇస్తున్నారు.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, పాదం చూపడానికి మొహమాటపడతారు. కనుక పిల్లలకు మా మనవి ఒక్కటే. ఈ రాత్రి మీ అమ్మీ, అబ్బా పాదాలు దీపం వెలుగులో ఒక్కసారి చూడండి. కాళ్ళు పట్టినట్టూ ఉంటుంది, కాలు కాపాడినట్టూ ఉంటుంది. సెలవు.