సంఘాన్ని విడిచి వచ్చాక



కఠినమైన కట్టుబాట్లున్న మతసంఘంలో పెరిగిన మనిషి దాన్ని వదిలి వచ్చేస్తే, ఇక హాయిగా ఉంటారని చూసేవాళ్లు అనుకుంటారు. చాలామందికి అలా జరగదు. నిద్ర పట్టదు. ఒళ్లు కాస్త వెచ్చబడినా శిక్ష మొదలైందేమోనని గుండె దడదడలాడుతుంది. ఏం కట్టుకోవాలో, ఎవరితో మాట్లాడాలో ఇన్నాళ్లూ పెద్దలే చెప్పారు కనుక చిన్న నిర్ణయానికీ చేతులు వణుకుతాయి. "ఇంత బాధగా ఉందంటే, వచ్చేయడమే తప్పేమో" అనిపిస్తుంది. కాదు. ఆ బాధ తప్పుకు రుజువు కాదు.

అమెరికాలో మార్లీన్ వినెల్ అనే మనస్తత్వవేత్త ఇలాంటివారికి చికిత్స చేస్తూ 1993లో ఒక పుస్తకం రాశారు. 2011లో ఈ లక్షణాలన్నిటికీ కలిపి 'రెలిజియస్ ట్రామా సిండ్రోమ్' అని పేరు పెట్టారు. వైద్యుల అధికారిక జబ్బుల పట్టికలో ఈ పేరు లేదు. కానీ ఇందులోని ఆందోళన, దిగులు, పీడకలలు వైద్యులకు బాగా తెలిసినవే, వాటికి చికిత్స కూడా ఉంది.

ఈ బాధకు కొన్నిచోట్ల వెలి కూడా తోడవుతుంది. అమెరికాలోని ఆమిష్ అనే క్రైస్తవ సమాజాల్లో బాప్తిస్మం పొందాక విడిచిపోయినవారిని వెలివేస్తారు. కట్టుబాటు గట్టిగా ఉన్నచోట కన్నవాళ్లు కూడా వారితో ఒకే బల్ల దగ్గర కూర్చుని తినరు. వెలి ఎంత నొప్పో 2003లో నయోమీ ఐసెన్‌బర్గర్ అనే పరిశోధకురాలి బృందం పరీక్షించింది. కంప్యూటర్‌లో బంతాట ఆడుతున్న మనిషికి మిగతా ఆటగాళ్లు బంతి వేయడం మానేసినట్టు చూపించారు. అప్పుడు ఆ మనిషి మెదడులో, దెబ్బ తగిలినప్పుడు పనిచేసే ఒక భాగమే చురుకైంది. ముఖం తెలియనివాళ్లు కాసేపు పక్కన పెట్టారనుకుంటేనే ఇంత! అమ్మ ఫోను ఎత్తకపోతే?

నమ్మకం పోయినంత మాత్రాన భయం పోదు. చిన్ననాటి భయాలను దాచుకునే అమిగ్డలా అనే మెదడు భాగం మన వాదనలు వినదు. అందుకే థెరపీలో భయాన్ని మాటల్లో పెట్టిస్తారు, దాన్ని పరీక్షించడం నేర్పుతారు, ఒకప్పుడు నిషేధమైన మామూలు పనులను కొద్దికొద్దిగా చేయిస్తారు. దూరమైన బంధువుల కోసం, గడిచిపోయిన ఏళ్ల కోసం ఏడవనిస్తారు. దిగులు మరీ ఎక్కువైతే సైకియాట్రిస్టు మందులిస్తారు. దేవుణ్ణి ఉంచుకోవాలా, వదులుకోవాలా అన్నది మాత్రం మీ ఇష్టం. తన మతాన్ని గానీ, నాస్తికత్వాన్ని గానీ మీమీద రుద్దే కౌన్సెలర్ దగ్గరికి రెండోసారి వెళ్లకండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. సంఘం వదిలినవారిని పిచ్చివాళ్లనకండి. సమాజంలోని మతవిశ్వాసాలను పాటించకపోవడాన్ని ఆధారం చేసుకుని ఎవరికీ మానసిక వ్యాధి ఉందని తేల్చకూడదని మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. "ఇన్నాళ్లూ ఎందుకున్నావు?" అని కూడా అడగకండి. భోజనానికి పిలవండి.

ఈ బాధలో ఉన్నవారు టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి, 14416 నంబరుకు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం. రాత్రైనా, పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు.