లైటు ఆరితే రోగం తగ్గినట్టు కాదు

మేము ఉండేది షాంటిలీలో. నేను కంప్యూటర్ల వాణ్ణి, మెకానిక్కుని కాను. పెరట్లో గోంగూర మళ్ళకు మట్టి తేవడానికి, పండగలకు గుడికి సామాను చేరవెయ్యడానికి ఉంటుందని 2004 మోడల్ పికప్ ట్రక్కు ఒకటి కొన్నాను. "ఈ ముసలి బండి మనకెందుకండీ" అని మా ఆవిడ అంటూనే ఉంది.

వర్జీనియాలో ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది కదా. మన ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో రెండేళ్ళకోసారి పొగ పరీక్ష కూడా ఉంది. సరిగ్గా దానికి ముందు చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. 1996 నుంచి వచ్చిన బళ్ళకు స్టీరింగు కింద ఒక సాకెట్టు ఉంటుంది. దానికి కోడ్ రీడరు తగిలించి కోడ్ చెరిపేశాను. సర్వర్ రీస్టార్ట్ చేసినంత సులువు! కానీ కోడుతో పాటు, బండి తనను తాను పరీక్షించుకున్న రికార్డు కూడా పోతుంది. అది మళ్ళీ తయారవడానికి కొన్ని రోజులు బండి నడపాలి. అందుకని పరీక్ష చెయ్యకుండానే తిప్పి పంపారు. తీరా చూస్తే గ్యాస్ టాంకు మూత రబ్బరు చీలి ఉంది, అంతే.

అక్కడితో బుద్ధి రావాలి కదా, రాలేదు. చలికాలం చివర్లో బ్రేక్ లైటు వెలిగింది. డబ్బాలో ఫ్లూయిడ్ తగ్గింది. పోశాను, లైటు ఆరింది. మూడు వారాల తర్వాత రూట్ 50 మీద సిగ్నల్ దగ్గర పెడల్ నేలకంటా పోయింది. వెనక సీట్లో మా అబ్బాయి ఉన్నాడు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బ్రేకు దారులు వేరు కాబట్టి, ముందువి పట్టుకున్నాయి. ముందున్న కారుకి జానెడు దూరంలో ఆగాం. "నాన్నా, ఏమైంది?" అన్నాడు వాడు. నాకు నోట మాట రాలేదు.

మంచుకి రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల వెనక బ్రేకు గొట్టం తుప్పుపట్టి చిల్లుపడింది. బ్రేక్ ఫ్లూయిడ్ ఆవిరైపోయేది కాదండీ. అది తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి.

ఇప్పుడు నెలకోసారి పావుగంట బండితో గడుపుతాను. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక ఆయిల్ చూస్తాను. కూలెంట్ కూడా చూస్తాను, వేడిగా ఉండగా మాత్రం రేడియేటర్ మూత తియ్యకండి. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం చెబుతుంది; టైరు మీద ఉండే అంకె గరిష్ఠం, అది లెక్కలోకి రాదు. బండి స్టార్టవకుండా టకటకమంటే ముందు బ్యాటరీ చూడండి. ఇంజిన్ తిరుగుతూ అందుకోకపోతే ఇంధనమో, స్పార్కో. చలికాలంలో బండి అడుగు భాగం కడిగించండి. బండి కింద తడి కనిపిస్తే ఒక అట్టముక్క పరిచి, అది ఏ రంగో, ఎక్కడ పడిందో చూడండి. బ్రేకు లైటు వెలిగితే మాత్రం సొంత వైద్యం వద్దు, మెకానిక్కుకి చూపించండి.

పాత బండి చెప్పకుండా మోసం చెయ్యదు. నాకు రెండుసార్లు చెప్పింది, నేనే దాని నోరు నొక్కాను. లైటు వెలిగితే ఆర్పడానికి చూడకండి, ఎందుకు వెలిగిందో కనుక్కోండి.