గుండె వార్డు నుంచి ఇంటికి వెళ్ళాక



గుండె జబ్బుల గురించి మాట్లాడమన్నారు. పది నిమిషాల్లో అంతా చెప్పలేను కనుక, దాతల్లో కొందరు ప్రతి ఏడూ నన్ను అడిగే ఒక్క ప్రశ్న తీసుకుంటాను. "డాక్టర్ సాబ్, మన డబ్బుతో మందులు తీసుకుని, ఆసుపత్రి గేటు దాటగానే బీడీ వెలిగించే మనిషికి మళ్ళీ ఎందుకివ్వాలి?"

ప్రశ్నలో న్యాయముంది. గుండెపోటుతో వార్డుకు వచ్చే మగవాళ్ళలో, ముఖ్యంగా యాభై ఏళ్ళ లోపువారిలో, పొగ తాగేవారు చాలామంది. ఆటో నడిపేవారు, వెల్డింగు పనివారు, రాత్రి కాపలా ఉండేవారు. "రోజుకు ఎన్ని?" అంటే "ఎప్పుడన్నా ఒకటి రెండు సాబ్" అంటారు. పక్కనున్న భార్య మాట్లాడకుండా రెండు వేళ్ళు చూపిస్తుంది. రెండు కట్టలన్నమాట.

"సిగరెట్ కాదు, బీడీయే కదా" అనే మాట కూడా రోజూ వింటాను. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో పొగ తాగేవారికి గుండెపోటు ముప్పు తాగనివారికన్నా దాదాపు 3 రెట్లు అని తేలింది. బీడీ మాత్రమే తాగేవారికీ ఇంచుమించు అంతే. తునికాకు మాటిమాటికీ ఆరిపోతుంది, అందుకని గట్టిగా, ఎక్కువసార్లు పీలుస్తారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. రక్తం త్వరగా గడ్డకడుతుంది. స్టెంట్ వేసిన మనిషికి ఇంతకన్నా శత్రువు లేదు.

అయితే మానితే వచ్చే మేలు కూడా అంత పెద్దదే. గుండె జబ్బు వచ్చాక పొగ మానినవారిలో మరణాలు మానని వారికన్నా మూడో వంతుకు పైగా తక్కువని అనేక పరిశోధనలను కలిపి చూసి 2003లో తేల్చారు. ఏ ఖరీదైన మాత్రకూ తీసిపోని ఫలితమిది.

ఆసుపత్రిలో ఉన్న ఆ నాలుగైదు రోజులు బంగారంలాంటివి. నికోటిన్ కోసం తహతహ మొదటి రెండు మూడు రోజులే తీవ్రంగా ఉంటుంది. ఐసీయూ మంచం మీద, ప్రాణభయంలో, అతను ఆ రోజులను తెలియకుండానే దాటేస్తాడు. రంజాన్‌లో పగలంతా బీడీ ముట్టని మనిషికి ఆ శక్తి లేదని ఎలా అంటాం? (ఇఫ్తార్‌లో ఖర్జూరం మింగీ మింగకముందే అగ్గిపెట్టె వెతుక్కునేవారూ ఉన్నారనుకోండి!) చిక్కు ఇంటికెళ్ళాక వస్తుంది. అదే చాయ్ హోటల్, అదే దోస్తులు. మన నిజామాబాద్ ప్రాంతంలోనైతే కొన్ని ఇళ్ళలో భార్యే బీడీలు చుడుతుంది, ఆ కూలితోనే పొయ్యి వెలుగుతుంది. అటువంటి ఇంట్లో తిట్లు పనిచేయవు.

సాయం ఆపితే ఏమవుతుంది? రోగి అబద్ధం చెప్పడం నేర్చుకుంటాడు. మందులు ఆగుతాయన్న భయంతో నా దగ్గరా దాస్తాడు. మందులు నిజంగా ఆగితే స్టెంట్ మూసుకుపోవచ్చు, అప్పుడు మళ్ళీ ఈ సంఘం తలుపే తట్టాలి. అందుకని మందులకు షరతు పెట్టవద్దని నా మనవి. మళ్ళీ మొదలుపెట్టానని ఒప్పుకున్నవాడికీ ఇవ్వండి, మళ్ళీ మానమని అడగండి.

ఆసుపత్రిలో చెప్పి వదిలేస్తే లాభం తక్కువ. ఇంటికెళ్ళాక కనీసం ఒక నెల పలకరిస్తూ ఉంటేనే ఎక్కువమంది మానుతున్నారని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి గుండె రోగి ఒక్కొక్కరికి ఒక కార్యకర్తను కేటాయించండి. మొదటి వారంలో రెండుసార్లు, తర్వాత వారానికోసారి ఇంటికి వెళ్ళాలి. ఇంట్లో పొగ తాగే కొడుకులు, తమ్ముళ్ళతో కూడా మాట్లాడాలి. బీడీ బదులు ఖైనీ, జర్దా మొదలెట్టారేమో చూడాలి. 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయించవచ్చు. నికోటిన్ గమ్ మాత్రం డాక్టర్‌ను అడిగాకే.

దీనికయ్యేది ఆటో ఛార్జీలు, ఫోన్ ఖర్చు. రెండోసారి యాంజియోప్లాస్టీ ఖర్చు ముందు అదెంత? ఈ ఖర్చు జకాత్ పద్దులో రాయవచ్చా, సదఖాలోనా అన్నది ఉలమాలను అడిగి తేల్చుకోండి, నేను వైద్యుణ్ణి మాత్రమే. ఈ నెల మందులు తీసుకునేవారి జాబితా కార్యదర్శి గారి దగ్గరుంది. సాయంత్రాలు ఖాళీ ఉన్న యువకులు భోజనాలకు ముందే వారికి పేర్లు ఇవ్వగలరు. వస్సలాం.