గోడకు పొట్ట వస్తే

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీ వృత్తి గురించి పది నిమిషాలు చెప్పు, వినేవాళ్లకు పనికొచ్చేలా ఉండాలి" అని సంఘం కార్యదర్శి గారు ఆదేశించారు. నేను అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. పెద్ద వంతెనలు కట్టానని చెబితే మీకూ నాకూ బాగుండేది. కానీ నా పనిలో ఎక్కువ భాగం పాత ఇళ్ల కింద, టార్చిలైటు పట్టుకుని గోడలు చూడడమే. ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది పిల్లలు అక్కడ ఇళ్లు కొంటున్నారు. కాబట్టి ఆ గోడల సంగతే చెబుతాను.

అక్కడ ఇంటికింద గది ఎందుకంటే, చలికాలంలో నేలలో నీరు గడ్డకట్టి మట్టిని పైకెత్తుతుంది. పునాది ఆ లోతుకు కిందే ఉండాలి. ఒహాయోలో అది సుమారు 3 అడుగులు. ఎలాగూ అంత తవ్వాలి గదా, ఇంకొంచెం తవ్వితే ఒక గదే వస్తుంది. అదే బేస్‌మెంటు. గత శతాబ్దం మధ్యకాలంలో కట్టిన ఇళ్లలో చాలావాటికి ఈ గోడలు బోలు కాంక్రీటు బ్లాకులతో కట్టారు. లోపల ఇనుప చువ్వలు లేవు. పైనుంచి వచ్చే ఇంటి బరువును ఆ గోడ హాయిగా మోస్తుంది. పక్కనుంచి తోస్తే మాత్రం తట్టుకోలేదు.

తోసేది ఎవరు? మట్టి, నీళ్లు. మన సైన్సు మాస్టారు డబ్బాకు మూడు బెజ్జాలు పెట్టి నీళ్లు పోసి చూపించారు, గుర్తుందా? అన్నిటికంటే కింది బెజ్జంలోంచి వచ్చే ధారే దూరంగా పడింది. లోతు పెరిగేకొద్దీ పీడనం పెరుగుతుందని ఆరోజే నేర్చుకున్నాం. లెక్క వేయండి. గోడ వెనక 2 మీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే, అడుగున చదరపు మీటరుకు 2 టన్నుల ఒత్తిడి. 10 మీటర్ల పొడవు గోడ మీద మొత్తం 20 టన్నులు. మట్టి తోపు దానికి అదనం.

పైగా బంకమట్టి. నల్లరేగడి నేల ఎండాకాలంలో కాలు పట్టేంత నెర్రెలిచ్చి, వానలు పడగానే ఉబ్బడం మనకు తెలిసిందే. అక్కడి బంకమట్టి మన రేగడంత మొండిది కాకపోయినా గుణం అదే. ఎండినప్పుడు గోడకూ మట్టికీ మధ్య సందు పడుతుంది. ఆ సందులోకి మట్టి రాలుతుంది. మళ్లీ తడిసి ఉబ్బేసరికి, వెనక్కి పోయే చోటు లేక గోడను లోపలికి నెడుతుంది. ఏటా ఇంతింత. 50, 60 ఏళ్లకు గోడకు పొట్ట వస్తుంది.

గోడ చెప్పకుండా పడదు, ముందే చెబుతుంది. పైన ఇంటి దూలాలు, కింద నేల గచ్చు దాన్ని పట్టుకుని ఉంటాయి గనుక మధ్యలో వంగుతుంది. దాదాపు సగం ఎత్తులో, బ్లాకుల మధ్య సిమెంటు అతుకు వెంబడి అడ్డంగా పగులు వస్తుంది. మూలల దగ్గర మెట్లు మెట్లుగా పగులుతుంది. ఒక్కోసారి అడుగు వరసే లోపలికి జారుతుంది. పరికరాలు పెద్దగా అక్కర్లేదు. మేస్త్రీ దారానికి గుండు కట్టి పైనుంచి వేలాడదీసినట్టే వేలాడదీసి, దారానికీ గోడకూ మధ్య దూరం కొలిస్తే చాలు.

రెండు ఇళ్ల సంగతి చెబుతాను. మన బడిలోనే నా తర్వాత చదివిన ఒక తమ్ముడు 1950ల నాటి ఇల్లు కొన్నాడు. దాచుకున్నదంతా అందులోనే పెట్టాడు. చెక్క పలకలు ఊడదీస్తే వెనక పగులు కనిపించింది. ఒక కంపెనీవాళ్లు గోడంతా పడగొట్టి కట్టాలన్నారు. ఇంకొకరు రంగు వేస్తే సరిపోతుందన్నారు. "అన్నయ్యా, ఇల్లు అమ్ముకోవాలా?" అని ఫోన్ చేశాడు. వెళ్లి కొలిచాను. వంపు అంగుళంపావు. పైకప్పు నీళ్లు దించే గొట్టం సరిగ్గా ఆ గోడ మొదట్లోనే ముగిసింది. పెరడు ఇంటివైపే వాలి ఉంది. పైన దూలాలు గోడకు సమాంతరంగా పోతున్నాయి, వాటి మధ్య అడ్డకర్రలు లేవు. అంటే గోడ తలను పట్టుకునేవాళ్లే లేరు.

ముందు నీళ్లను మళ్లించాం. గొట్టం దూరంగా పొడిగించి, ఇంటినుంచి మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలు వాలు వచ్చేలా మట్టి వేయించాం. దూలాల మధ్య అడ్డకర్రలు బిగించాం. తర్వాత సుమారు 4 అడుగులకొకటి చొప్పున కార్బన్ ఫైబర్ పట్టీలు ఎపాక్సీతో గోడకు అతికించి, పైనా కిందా బిగించాం. వంగే గోడకు లోపలివైపే సాగుతుంది. ఆ పట్టీ సాగదు, అందుకే ఆపుతుంది. గోడను తిరిగి నిటారు చేయదు, ఉన్నచోట నిలబెడుతుంది. గోడ మొత్తం కట్టే ఖర్చులో నాలుగో వంతు కూడా కాలేదు. ఏడాదిపాటు మూడు నెలలకోసారి కొలిచాడు. కదలలేదు.

రెండో ఇల్లు ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడది. అంతకుముందే ఒక కంపెనీ ఆవిడకు అవే పట్టీలు అమ్మి వెళ్లింది. నేను చూసేటప్పటికి వంపు 3 అంగుళాలు దాటింది, అడుగు వరస గచ్చు మీద జారింది. వంపు 2 అంగుళాలు దాటితే పట్టీలు చాలవని మా రంగంలో సాధారణంగా అనుకునేమాట. అక్కడ ఉక్కు దూలాలు నిలబెట్టాలి, లేదా గోడలోంచి ఇనుప కడ్డీలు పెరట్లోకి దింపి మట్టిలో పలకలకు బిగించాలి. ఆవిడ పెరట్లో అంత చోటు లేదు, పక్కింటి హద్దు దగ్గరే ఉంది. గోడ ఆ స్థితికి వచ్చాక ఇంటిని తాత్కాలిక స్తంభాల మీద ఆపి, మట్టి తవ్వి, చువ్వలు వేసి, బ్లాకుల్లో కాంక్రీటు నింపి కొత్త గోడ కట్టడమే దారి. వెనక కంకర, అడుగున నీళ్లు పోయే గొట్టం వేశాం. బీమా వర్తించలేదు. మట్టి, భూగర్భ జలం తోపును మామూలు ఇంటి బీమా ఒప్పుకోదు. ఆవిడ అప్పు చేసింది. మొదటిసారే సరైన మాట చెప్పేవాళ్లు ఉండి ఉంటే అంత అప్పు అయ్యేది కాదు.

అందుకే పిల్లలకు చెప్పండి. పట్టీలు అమ్మేవాడికి ప్రతి గోడకూ పట్టీయే మందుగా కనిపిస్తుంది. మరమ్మతు అమ్మని ఇంజనీరుకు మీరే ఫీజు ఇచ్చి చూపించండి, ఇల్లు కొనకముందే. కొత్తగా రంగేసిన ఒక్క గోడ కనిపిస్తే అక్కడే ఎక్కువసేపు నిలబడండి. వరదొచ్చి బేస్‌మెంటు నిండితే కంగారుపడి ఒకేసారి తోడించకండి. బయట తడిసిన మట్టి తోస్తుంటే లోపలి నీళ్లే గోడకు ఆసరా. రోజుకు మూడో వంతు చొప్పున తోడమని అక్కడి విపత్తు నిర్వహణ సంస్థ ఫీమా చెబుతుంది.

ఇక్కడ ఉన్నవాళ్లకు కూడా ఇది పరాయి విషయం కాదు. హైదరాబాదు, విజయవాడల్లో సెల్లారు పార్కింగుకు కట్టే గోడా మట్టినే ఆపుతుంది. ఎత్తు చేసిన స్థలానికి కట్టే ప్రహరీ కూడా అంతే. వెనక నీళ్లు పోయేందుకు బెజ్జాలు వదలమనండి. మేస్త్రీ "అవెందుకండీ, అందం చెడుతుంది" అంటే, డబ్బాకు మూడు బెజ్జాల పాఠం చెప్పండి.

మాకు ఆ పాఠం చెప్పిన మాస్టారు ఈరోజు ముందు వరసలో కూర్చున్నారు. మీరు చెప్పింది ఇప్పటికీ రోజూ వాడుకుంటున్నాను మాస్టారూ.  ఇంటి గోడల గురించి అనుమానాలున్నవాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి, మొహమాటపడకండి. సెలవు.