పాలొమార్ కొండ మీద పెద్ద అద్దం
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళివచ్చాను కాబట్టి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నయాగరా, డిస్నీలాండు మీలో చాలామంది పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు చూసినవే. వాటి జోలికి పోను. దక్షిణ కాలిఫోర్నియాలో పాలొమార్ అనే కొండ మీద ఒక వేధశాల ఉంది. దాని గురించి మాత్రం మనవి చేస్తాను.

ముందు ప్రయాణం సంగతి. మా అల్లుడు ఆర్.వి. అనే బండిని వారం రోజులకు అద్దెకు తీసుకున్నాడు. ఆర్.వి. అంటే చక్రాల మీద ఇల్లు. పొయ్యి, ఫ్రిజ్, పడకలు, స్నానాల గది అన్నీ అందులోనే. రాత్రికి ఆర్.వి. పార్కులో నిలిపి, కరెంటు, నీళ్ళ గొట్టం తగిలించుకుంటే సరి. మన వయసు వాళ్ళకు బాత్‌రూము కోసం వెతుక్కునే అవస్థ లేదు. మా ఆవిడ అందులోనే ఉప్మా చేసింది, పెరుగన్నం కలిపింది. కొండకు రెండు దారులు. దక్షిణపు దారి మెలికలు ఎక్కువ. "పెద్ద బండి కదా మామయ్యగారూ, తూర్పు దారిన నిదానంగా పోదాం" అన్నాడు అల్లుడు. ఎత్తు సుమారు 5,600 అడుగులు. అంటే మన తిరుమలకు దాదాపు రెట్టింపు.

పైన తెల్లని పెద్ద గుమ్మటం. ఎత్తు 135 అడుగులు. దాని తిరిగే భాగమే వెయ్యి టన్నులు. మామూలు సందర్శకులకు ప్రవేశం పగటిపూటే. అద్దాల గదిలో నిలబడి టెలిస్కోపును చూడాలి. లోపల చలిగా ఉంది. రాత్రి బయట ఎంత చల్లగా ఉంటుందో పగలు లోపల కూడా అలా ఉంచడానికి ప్రయత్నిస్తారట. వేడి గాలి కదిలితే నక్షత్రం బొమ్మ చెదిరిపోతుంది.

ఆ టెలిస్కోపుకు ప్రాణం 200 అంగుళాల అద్దం. దాని చరిత్ర వింటే మన ఆఫీసు ఫైళ్ళు ఎంతో వేగం అనిపిస్తుంది. జార్జి ఎల్లరీ హేల్ అనే శాస్త్రజ్ఞుడు సంకల్పించగా, 1928లో రాక్‌ఫెల్లర్ ధర్మనిధి నుంచి 60 లక్షల డాలర్లు మంజూరయ్యాయి. 1934లో న్యూయార్కు రాష్ట్రంలోని కార్నింగ్ గాజు కర్మాగారంలో మొదటిసారి పోత పోస్తే అచ్చులో భాగాలు ఊడి పైకి తేలాయి. అదే ఏడు డిసెంబరులో మళ్ళీ పోశారు. చల్లారడానికే నెలలు పట్టింది. 1936లో ప్రత్యేక రైలులో నెమ్మదిగా కాలిఫోర్నియా చేర్చారు. అరగదీసి నునుపు చేస్తూ ఉండగా యుద్ధం వచ్చి పని ఆగింది. 1947 నవంబరులో అద్దం కొండ ఎక్కింది. 1948 జూన్‌లో ప్రారంభోత్సవం. మొదటి ఫొటో 1949 జనవరిలో ఎడ్విన్ హబుల్ తీశారు. 1976లో సోవియట్ యూనియన్ 6 మీటర్ల అద్దం పెట్టేవరకు ప్రపంచంలో ఇదే పెద్దది.

హేల్ 1938లోనే కన్నుమూశారు. టెలిస్కోపుకు ఆయన పేరు పెట్టారు గాని, అందులోంచి ఒక్క నక్షత్రాన్నీ ఆయన చూడలేదు.

ఈ మాట వినగానే నాకు మన హైదరాబాదు గుర్తుకొచ్చింది. బేగంపేట నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడు వేణు బాప్పు. నిజాం కాలేజీలో చదివి, హార్వర్డు వెళ్ళి, తరువాత కార్నెగీ ఫెలోగా మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలల్లో పరిశోధన చేశారు. తిరిగివచ్చి తమిళనాడులోని కావలూరులో మనవాళ్ళ చేతనే పెద్ద టెలిస్కోపు కట్టించడానికి పూనుకున్నారు. 1982లో ఆయన పోయారు. 1986లో ఆ 2.3 మీటర్ల టెలిస్కోపుకు ఆయన పేరు పెట్టారు. హేల్‌ది ఏ కథో మన బాప్పుగారిదీ అదే కథ.

ఇంకొక సంగతి. పాలొమార్‌లోనే 48 అంగుళాల మరో టెలిస్కోపు ఉంది. 2003 అక్టోబరు 21న అది తీసిన ఫొటోలను కంప్యూటరు పరిశీలించి, ఏమీ లేదని వదిలేసింది. మరీ నెమ్మదిగా కదిలేవాటిని లెక్కలోకి తీసుకోవద్దని దానికి చెప్పి ఉంచారు. తరువాత ఆ పరిమితి సడలించి పాత ఫొటోలు తిరగేస్తే, 2005 జనవరి 5న వాటిలో ఎరిస్ అనే కొత్త లోకం బయటపడింది. ఇంచుమించు ప్లూటో అంతది. అది గ్రహమా కాదా అన్న తర్జనభర్జన ముదిరి, చివరకు 2006లో ప్లూటోకే గ్రహం హోదా పోయింది.

చూశారా, మూసేసిన ఫైలు ఎంత పని చేసిందో! మన జిల్లా ఆఫీసు పద్ధతిలో అయితే ఎల్.డిస్. అని వేసి ఏడాదికి తగలబెట్టేవాళ్ళం. వాళ్ళు ఆర్.డిస్. వేసినట్టు భద్రంగా ఉంచారు కనుకనే దొరికింది.

"రిటైరయ్యాం, మనం చేసిందెవరికి కావాలి?" అని మనలో మనం అనుకుంటూ ఉంటాం. నేనూ కొండ దిగుతూ ఆలోచించాను. ఏ గుమాస్తా రాసిన అడంగలు ఏ రైతు బిడ్డ భూమిని ఎప్పుడు కాపాడుతుందో రాసినవాడికి తెలియదు. 1977 దివిసీమ ఉప్పెన సహాయ లెక్కలు రాసినవారు ఈ సభలోనే ఉన్నారు. లెక్కల పుస్తకం రికార్డు రూములో ఉండవచ్చు. ఆ రాత్రులు ఎలా గడిచాయో మాత్రం ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

అందుచేత నాదొక ప్రతిపాదన. ప్రతి సభ్యుడూ తన సర్వీసులో తాను కళ్ళారా చూసినది రెండు పేజీలు, తేదీలతో సహా, రాసి సంఘానికి ఇవ్వాలి. చెయ్యి వణికేవారు మనవలకు చెప్పి రాయించండి. వాటిని కట్టగట్టి బీరువాలో ఉంచుదాం. ఎవరు తిరగేస్తారో, ఎప్పుడు తిరగేస్తారో మనకు అక్కరలేదు. కార్యవర్గం ఆమోదిస్తే, నా రెండు పేజీలు వచ్చే నెల సమావేశానికి తెస్తాను.