శాలువా కప్పాక అడగవలసిన ప్రశ్న



నలుగురిలో ఎత్తడానికి జంకే విషయం ఇది. వైద్య అవసరం ఏమీ లేకుండా, ఆచారం పేరుతో ఆడపిల్ల జననాంగంలో కొంత భాగం కోసేస్తారు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్లు, పెద్దయ్యాక కాన్పు కష్టాలు దాని ఫలితాలు. 2024లో యునిసెఫ్ లెక్క ప్రకారం ఆ కోతకు గురైనవారు ప్రపంచంలో 23 కోట్లకు పైనే. ఇదంతా ఆఫ్రికా సంగతి అనుకోకండి. మన దేశంలో దావూదీ బోహ్రాల్లో ఏడేళ్ళ ప్రాయంలో ఆడపిల్లలకు ఖత్నా పేరుతో ఈ కోత పెట్టే ఆచారం ఉంది.

దీన్ని ఎదిరించినవాళ్ళలో కొందరికి పేరొచ్చింది. ఆ పేరు వల్ల ఏం జరిగిందో చూద్దాం. 2014లో బ్రిటన్‌లో ఫామా మొహమ్మద్ అనే పదిహేడేళ్ళ విద్యార్థినికి గార్డియన్ పత్రిక అండగా నిలిచింది. ఆమె అర్జీకి రెండు లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. విద్యామంత్రి మైకేల్ గోవ్ ఆ అమ్మాయిని కలిసి, బడులన్నిటికీ దీని గురించి లేఖ రాయడానికి ఒప్పుకున్నారు. పత్రిక తెచ్చిన పేరు బడి గుమ్మం దాకా వెళ్ళింది.

మన దగ్గర మాసూమా రనాల్వీ తన చిన్ననాటి గాయాన్ని బయటపెట్టి, తోటి బోహ్రా స్త్రీలను కూడగట్టారు. 2017లో న్యాయవాది సునీతా తివారీ దీన్ని నిషేధించాలని సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. అధికారిక లెక్కలేవీ లేవని ఆ ఏడాది చివర్లో కేంద్రం చెప్పింది. ఇది నేరమేనని మరుసటి ఏడాది ఒప్పుకుంది. 2018లోనే కేసును పెద్ద ధర్మాసనానికి నివేదించారు. ప్రత్యేక చట్టం మాత్రం రాలేదు. నొప్పి చెప్పుకున్న మనిషి టీవీకెక్కింది గానీ ఆ నొప్పి సర్కారు లెక్కలోకి ఎక్కలేదు.

మరో దురాచారం విషయంలో అలా ఎక్కించిన మనిషి మనకు దగ్గరలోనే ఉండేవారు. మన కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారి కోడలు, కవి జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం. నిజామాబాద్ జిల్లాలో ఆమె, ఆడపిల్లలను దేవతకు అంకితమిచ్చే జోగినీ దురాచారం మీద పనిచేశారు. అప్పటి గవర్నర్ కుముద్‌బెన్ జోషి చేయి కలిపారు. ఆ స్త్రీల కోసం చెల్లి నిలయం వెలిసింది. 1988లో నిషేధ చట్టం వచ్చింది. చట్టంతోనే ఆచారం పోలేదు. కానీ ఫిర్యాదు పట్టుకెళ్ళడానికి ఒక దారి ఏర్పడింది.

ఇకమీదట ఇలాంటి ఉద్యమకారిణికి శాలువా కప్పే సభకు వెళితే, వేదిక మీదున్న నాయకుణ్ణి అడగండి: ఈమె కోరినవాటిలో ఏది చేశారు, మిగతావి ఎప్పటికి చేస్తారు? విలేకరి మిత్రులారా, ఆమె చేత గాయాన్ని పదేపదే చెప్పించడం మాని, ఆ నాయకుడి చేత జవాబు చెప్పించండి.