క్వార్టరు ఇల్లు, బస్తీ ఇల్లు: ఎవరు బాగున్నరు?

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, లోన్లు ఎంత, రికవరీ ఎంత అన్నది ఈ పుస్తకం ముందు పేజీల్లోనే ఉన్నది. అది మళ్లీ చదివి మీ టైం తీసుకోము. మేము వేరే లెక్క ఒకటి చెప్పదలచినం. మన గోదావరిఖనిల రెండు రకాల ఇండ్లున్నయి. ఒకటి క్వార్టరు ఇల్లు, రెండోది బస్తీ ఇల్లు. ఒకే సంఘంల పక్కపక్కన కూసుంటం కాని, రెండిండ్ల బతుకు ఒక్కటి కాదు. ఏ ఇల్లు బాగున్నది అని అడిగితే చిన్నపిల్లలు కూడా క్వార్టరు ఇల్లే అంటరు. మేము కూడా అట్లనే అనుకున్నం. పోయిన సంవత్సరం లెక్క రాసి చూసిన తర్వాతనే అసలు సంగతి తెలిసింది.

మా అమ్మకు ఇద్దరు బిడ్డలు. అక్కకు, మాకు పదేండ్ల తేడా. అక్కను పర్మినెంటు నౌకరి ఉన్న ఇంటికి ఇచ్చిండ్రు. యైటింక్లైన్ కాలనీల క్వార్టరు. మా పెండ్లి నాటికి తండ్రి నౌకరి కొడుక్కు వచ్చే రోజులు పోయినయి. మా ఇంటాయన ఓపెన్‌కాస్టుల మట్టి పనికి కాంట్రాక్టరు కింద చేరిండు. మాది కిరాయి ఇల్లు. ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్లమే, ఒక్క బొగ్గునే నమ్ముకున్నోళ్లమే. అయినా రెండు వేరే వేరే ఊర్లల్ల బతికినట్టు ఉంటది.

ఇది మా ఇంటి సంగతి ఒక్కటే కాదు. ఇల్లందు దిక్కు 1889 ల బొగ్గు తవ్వుడు మొదలైంది. మన గోదావరి ఒడ్డుకు బాయిలు 1960ల దిక్కు వచ్చినయి. ఊర్లల్ల కరువు, దొరల పెత్తనం తట్టుకోలేక ఎంతోమంది ఇక్కడికి వచ్చి తట్ట, చెమ్మస్ పట్టిండ్రు. ఇప్పుడు సింగరేణిల 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. 1990ల మొదట్ల పర్మినెంటు కార్మికులు లక్షకు పైగా ఉండిరి. ఇప్పుడు 40 వేల దరిదాపులకు వచ్చిండ్రు. బొగ్గు మాత్రం తగ్గలేదు, పెరిగింది. అండర్‌గ్రౌండు బాయిల జాగల ఓపెన్‌కాస్టులు వచ్చినయి, మిషన్లు వచ్చినయి, మట్టి తీసే పని కాంట్రాక్టుకు పోయింది. అంటే పని ఉన్నది, కాని ఆ పనికి ఉన్న నీడ పోయింది.

ఆ నీడ అంటే ఏందో ఒక్క లెక్కతోని అర్థమైతది. 2024 దసరాకు ముందు సింగరేణి లాభాల వాటా ప్రకటించిండ్రు. 2023-24 సంవత్సరం లాభంల విస్తరణ పనులకు తీసిపెట్టిన సొమ్ము పోను, మిగిలినదాంట్ల 33 శాతం అన్నరు. మొత్తం 796 కోట్లు. పర్మినెంటు కార్మికునికి సగటున 1 లక్ష 90 వేలు. అదే సారి మొట్టమొదటగా కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇచ్చిండ్రు, మనిషికి 5 వేలు. ఇచ్చినందుకు మేము సంతోషపడ్డం, ఎందుకంటే అంతకుముందు ఏమీ లేకుండె. కాని లెక్క లెక్కనే. 1 లక్ష 90 వేలల్ల 5 వేలు ఎన్నిసార్లు పోతయో చూడుండ్రి. 38 సార్లు. ఆ తర్వాత దీపావళి బోనసు 93,750 రూపాయలు, అది పర్మినెంటు వాళ్లకే.

క్వార్టరు, కరెంటు, నీళ్లు, ఏరియా ఆసుపత్రి, పి.ఎఫ్., రిటైరైనంక గ్రాట్యుటీ ఇవన్నీ కలుపుకుంటే తేడా ఇంకా పెరుగుతది. మా ఇంట్ల పని లేని నాడు కూలి లేదు. వానలు గట్టిగ పడితే ఓపెన్‌కాస్టుల మట్టి పని ఆగుతది. ఆ రెండు నెలలు మేము మిషన్ మీద జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్స్ వేసి ఇల్లు నడుపుతం.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఇక తెలియని సంగతి చెప్తం.

పోయిన బతుకమ్మ పండుగకు అక్క ఇంటికి పోయినం. రాత్రి అన్నాలు తిన్నంక ఒక నోటుబుక్కు ముందేసుకొని ఇద్దరం కూసున్నం. రెండిండ్ల లెక్క పక్కపక్కన రాద్దామన్నం. ఐదు ప్రశ్నలు పెట్టుకున్నం. నెలకు ఎంత వస్తది? ఎంత పోతది? అప్పు ఎంత, ఏ వడ్డీకి? ఇంట్ల ఏ ఆస్తి ఎవరి పేరు మీద ఉన్నది? రేపటి నుంచి సంపాదన ఆగిపోతే ఎన్ని రోజులు గడుస్తది?

మొదటి ప్రశ్న కాడనే అక్క ఆగింది. "బావకు ఎంత పడుతదో నాకేమెరుక, కార్డు నా తాన లేదు" అన్నది. బావ కాడ ఉన్నదేమో అనుకున్నం. ఆయన కాడ కూడ లేదట. పెద్దబిడ్డ పెండ్లికి నాలుగు లక్షలు బయట తెచ్చిండ్రు, నూటికి మూడు రూపాయల వడ్డీకి. ఏటీఎం కార్డు వడ్డీ ఇచ్చినాయన జేబుల ఉన్నది. జీతం పడ్డ నాడు ఆయననే తీసుకొని, తన లెక్క పట్టుకొని, మిగిలింది ఇస్తడు.

నాలుగు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 12 వేలు, సంవత్సరానికి 1 లక్ష 44 వేలు. అసలు ఒక్క రూపాయి తగ్గదు. లాభాల వాటా 1 లక్ష 90 వేలు వచ్చిందని సంబురపడితే, దాంట్ల ముప్పావు వంతు వడ్డీకే సరి. అదే అప్పు సంఘంల రూపాయి వడ్డీకి తీసుకుంటే సంవత్సరానికి 48 వేలే. 96 వేలు ఇంట్ల మిగిలేటియి. అక్క పది సంవత్సరాల నుంచి సంఘంల ఉన్నది. "క్వార్టర్ల ఉండి సంఘంల అప్పు అడిగితే నలుగురు ఏమనుకుంటరు" అని అడగలేదట.

ఇక మా ఇంటి లెక్క. ఎంత వస్తదో, ఎంత పోతదో రూపాయితో సహా చెప్పినం. రోజూ చేతుల నుంచి పోయేదే గనుక మాకు తెలుసు. కాని అప్పు ప్రశ్న కాడ మాకూ తల వంచుకునుడైంది. ఇంటాయనకు కాలు విరిగి ఇంట్ల పడ్డప్పుడు గిరిగిరి తీసుకున్నం. కాగితం మీద పది వేలు. చేతికిచ్చింది 8,500. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలె. చూసేటందుకు వడ్డీ 1,500 మాత్రమే అనిపిస్తది. కాని మనం రోజూ కొంత అసలు కూడ కట్టుకుంట పోతున్నం గద. మొత్తం సొమ్ము వంద రోజులు మన తాన ఉండదు. సరిగ్గ లెక్క కడితే నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ పడుతది. ఈ లెక్క మాకు ఆర్పీ అక్క కూసుండబెట్టి చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఐదో ప్రశ్నకు వచ్చినం. సంపాదన ఆగితే ఎన్ని రోజులు? మేము పన్నెండు రోజులు రాసినం. అక్క చాలసేపు ఆలోచించి ఇరవై రాసింది. మా ఇద్దరి జీతాల నడుమ అంత తేడా ఉంటే, ఆపదల తట్టుకునే తాకతుల తేడా ఎనిమిది రోజులే. ఆస్తి కాలంల చూస్తే అక్క పేరు మీద ఏమీ లేదు. క్వార్టరు రిటైరైతే ఖాళీ చేయాలె. మా పేరు మీద కుట్టు మిషన్ ఉన్నది, అది కూడ సంఘం లోనుతోని కొన్నదే.

అక్కలారా, ఇద్దరి బాధ ఒక్కటే అని మేము అంటలేము. అట్లంటే అబద్ధమైతది. అక్క పిల్లలకు జ్వరమొస్తే ఆసుపత్రి ఉన్నది, మా పిల్లలకు ముందు పైసలు వెతకాలె. పని చేసేటోళ్ల మధ్యన ఈ తేడా పోవాలని కాంట్రాక్టు కార్మికులు అడుగుతున్నరు, 2022 సెప్టెంబరుల సమ్మె కూడ చేసిండ్రు. ఆ జీతం తేడా సంఘం తీర్చేది కాదు, యూనియన్లు, ప్రభుత్వం తేల్చాలె. కాని వడ్డీ తేడా, తెలిసీ తెలియక పోయే సొమ్ము, పేరు లేని ఆస్తి, ఇవి మన చేతుల ఉన్నయి.

పర్మినెంటు అనే మాట కూడ శాశ్వతం కాదని మన ఊరికే బాగ తెలుసు. రామగుండం ఎఫ్.సి.ఐ. ఎరువుల ఫ్యాక్టరీ 1980 ల ఉత్పత్తి మొదలుపెట్టి 1999 ల మూతపడ్డది. ఆ కాలనీల ఉన్నోళ్లు కూడ పర్మినెంటు వాళ్లమే అనుకున్నరు. అదే జాగల కొత్త ఫ్యాక్టరీ నడిచేటాళ్లకు 2021 వచ్చింది. ఇరవై ఏండ్లు. అంత కాలం ఏ ఇల్లు ఆగుతది?

ఇప్పుడు మా సంఘం చేసిన తప్పు ఒకటి ఈ సభ ముందు పెడుతున్నం. దాచుకుంటే మంచిది కాదు. పోయిన సంవత్సరం లింకేజీ లోను వచ్చినప్పుడు పంచుకునేటందుకు మీటింగు పెట్టినం. "జీతం స్లిప్పు ఉన్న ఇండ్లకు పెద్ద లోను, లేని ఇండ్లకు చిన్న లోను" అని ఒకరన్నరు. అందరం తలూపినం. లీడరుగా మేము కూడ తలూపినం, మాది కూడ స్లిప్పు లేని ఇల్లే అయినా. మా సంఘంల ఒక చెల్లె టిఫిన్ బండి పెట్టుకుంటనని 40 వేలు అడిగింది. ఆమె ఎనిమిది సంవత్సరాలల్ల ఒక్క కిస్తు తప్పలేదు. పదివేలే ఇచ్చినం. మిగిలింది గిరిగిరి తీసుకున్నది. బండి నడిచింది కాని, వచ్చింది వచ్చినట్టు రోజువారీ వసూలుకే పోయింది. నాలుగు నెలలకు బండి అమ్మింది, సంఘం మానేసింది. అదే మీటింగుల స్లిప్పు చూసి పెద్ద లోను ఇచ్చిన ఇంట్ల నుంచి మూడు కిస్తులు ఆగినయి. వాళ్ల స్లిప్పు నిజమే, కాని ఆ జీతం కార్డు వాళ్ల తాన లేదు. మేము స్లిప్పు చూసినం, కిస్తుల బుక్కు చూడలేదు.

ఈ నెల ఆ చెల్లె ఇంటికి పోయి తప్పు ఒప్పుకొని, మళ్లీ చేరుమని అడిగినం. "ముందు మీరు తీర్మానం చేయుండ్రి అక్కా, తర్వాత జూస్త" అన్నది. ఆమె అన్నది న్యాయమే. అందుకే నాలుగు తీర్మానాలు సభ ముందు పెడుతున్నం.

ఒకటి. ప్రతి సభ్యురాలు ఆ ఐదు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలె. చదువు రానోళ్లకు బుక్‌కీపరు సాయం చేయాలె. అది ఇంటి గుట్టు, సంఘం గోడ దాటి పోవద్దు.

రెండు. లోను ఎంత ఇయ్యాలె అన్నది జీతం స్లిప్పు చూసి కాదు, పాత కిస్తుల రికార్డు, చేసే పని, కట్టగలిగే శక్తి చూసి ఇయ్యాలె. అంతర్గత అప్పుల్ల గాని, స్త్రీనిధి లోన్లల్ల గాని ఇదే పద్ధతి.

మూడు. కొత్త లోను వచ్చినప్పుడు ముందుగా గిరిగిరి, మూడు రూపాయలు, ఐదు రూపాయల వడ్డీ అప్పులున్న వాళ్లకు ఆ అప్పు తీర్చేటందుకు ఇయ్యాలె. సొమ్ము చేతికియ్యకుండ, ఇద్దరు సభ్యులు తోడు పోయి కట్టి, కాగితాలు, ఏటీఎం కార్డు వాపసు తీసుకొని రావాలె.

నాలుగు. వానకాలం పని ఆగే ఇండ్లకు కిస్తు పద్ధతి మార్చాలె. బ్యాంకుకు మనం కట్టేది ప్రతి నెల ఒక్కతీరే ఉంటది, అది మారదు. కాబట్టి పని బాగ నడిచే ఎండాకాలం నెలలల్ల కొంచెం ఎక్కువ కట్టించుకొని సంఘం ఖాతాల ఉంచాలె. వానకాలంల ఆ సొమ్ములకెల్లి కిస్తు సర్దాలె. దీనితోని సంఘం గ్రేడు పడదు, సభ్యురాలు గిరిగిరికి పోదు.

క్వార్టర్లల్ల ఉన్న అక్కలకు ఒక్క మాట. అప్పు ఉన్నదని చెప్పుకుంటే పరువు పోదు. బావల జీతం ఎంతో అడిగి తెలుసుకోండ్రి, ఏ జాగ కొన్నా, ఏ ఇల్లు కట్టినా మీ పేరు కూడ రాయించుకోండ్రి. బస్తీల ఉన్న చెల్లెళ్లకు ఒక్క మాట. స్లిప్పు లేదని వెనుక వరుసల కూసోవద్దు. కట్టిన ప్రతి కిస్తు మన స్లిప్పే.

మా అక్క ఈ జనవరిల సంఘంల మొదటిసారి పెద్ద లోను అడిగింది. సగం బయటి అప్పు తీరింది. కార్డు ఇంటికి వచ్చింది. ఇంకా సగం ఉన్నది. మా గిరిగిరి కూడ తీరింది. ఇప్పుడు అదే నోటుబుక్కుల ఐదో ప్రశ్న కాడ అక్క ముప్పై ఐదు రోజులు రాసింది, మేము ముప్పై రాసినం. వచ్చే మహాసభ నాటికి అందరి బుక్కుల ఆ అంకె మూడు నెలలు దాటాలని మా కోరిక.

తీర్మానాలకు ఒప్పుకునేటోళ్లు చేతులెత్తాలని కోరుతున్నం. ఒప్పుకోనోళ్లు కూడ లేచి ఎందుకో చెప్పాలె, వింటం.